ఒక్క కాగితం, ఎనిమిది పుటలు: నైరూప్య కామిక్‌ను చేత్తో అచ్చువేసి మడవడం ఎలా?

బొమ్మలు గీయడం రానివాళ్లు కూడా కామిక్ చేయవచ్చు. బాగా గీయగలిగినవాళ్లకే ఇది కాస్త కష్టం, ఎందుకంటే చేతికి అలవాటైపోయిన ముక్కులనూ కళ్లనూ పక్కన పెట్టేయాలి. నైరూప్య కామిక్‌లో నాయకుడు ఉండడు. మాటల బుడగ, చెట్టు, ఇల్లు, ఏవీ ఉండవు. ఒక గడి, దాని పక్కన ఇంకో గడి, రెంటి మధ్య ఖాళీ ఉంటాయి. మొదటి గడిలో ఎడమ అంచున ఒక చుక్క వేయండి. రెండో గడిలో అదే చుక్కను నడిమధ్యన, మూడో గడిలో కుడి అంచున వేయండి. చుక్క నడిచిందని కన్ను తీర్మానించేస్తుంది. నిజానికి మీరు వేసింది కదలని మూడు చుక్కలు. కామిక్ అనే కళ మొత్తం ఈ చిన్న మోసం మీదే నిలబడి ఉంది. మనుషులనూ జంతువులనూ తీసేస్తే ఆ మోసం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

ఇదేమీ నిన్న పుట్టినది కాదు. రష్యన్ కళాకారుడు ఎల్ లిసిట్స్కీ 1922లోనే ఒక నల్ల చతురస్రం, ఒక ఎర్ర చతురస్రం పాత్రలుగా పిల్లల పుస్తకం అచ్చువేయించాడు. 2009లో ఆండ్రే మొలోటియు సంపాదకత్వంలో అమెరికాలో నైరూప్య కామిక్‌ల సంకలనం ఒకటి వచ్చింది. మన దగ్గర చేర్యాల నకాషీ పటాల్లో పొడవైన గుడ్డను పట్టీలుగా విభజించి, ఒక్కో పట్టీని విప్పుతూ కథ చెబుతారు. అక్కడ బొమ్మకు తోడు కథకుడి గొంతు ఉంటుంది. మనం చేయబోయే పుస్తకంలో ఆ గొంతు ఉండదు, ఆ పని మడత చేయాలి.

అందుకే ఈ వ్యాసంలో అచ్చు కంటే ముందు మడత గురించి చెబుతున్నాను. చాలామంది ముందు చక్కని ముద్రలు వేసుకుని, ఆఖరున వాటిని పుస్తకంగా మడుస్తారు. అప్పుడది బొమ్మలున్న మడత కాగితమే అవుతుంది. మడత ఎక్కడ పడుతుందో, ఏ పుట ఏ పుటకు అతుక్కుని ఉందో తెలుసుకుని, దాన్ని బట్టి ముద్ర వేస్తే పుటలు తిప్పడం కూడా కథలో భాగమవుతుంది.

కావలసినవి

ఎ3 కాగితాలు (297 × 420 మి.మీ.), 100 నుంచి 130 జి.ఎస్.ఎం. (చదరపు మీటరుకు గ్రాములు) ఉన్నవి పది. జిరాక్సు కాగితం పల్చన, నీటి ఇంకుకు అలలు తేలుతుంది. 150 దాటితే మడతల దగ్గర పగిలి, పుస్తకం మూసుకోకుండా నోరు తెరుచుకుని ఉంటుంది. పెద్ద ఊళ్లలో పెళ్లికార్డులు అచ్చువేసే వీధుల్లో, హైదరాబాద్‌లోనైతే ఛత్తా బజార్ వంటి చోట, రకరకాల కాగితాలు దొరుకుతాయి. కత్తిరింపుల్లో మిగిలిన ముక్కలుంటే అడిగి చూడండి, ప్రయోగాలకు అవి చాలు.

నాలుగైదు పెన్సిల్ రబ్బర్లు, వీలైనంత పెద్దవి. కొత్త బ్లేడున్న పేపర్ కట్టర్. స్టీలు స్కేలు. మందపాటి అట్ట. బొమ్మల కొట్లో దొరికే ఫోమ్ షీటు ఒకటి. చిన్న రబ్బరు రోలర్. అది లేకపోతే గిన్నెలు తోమే స్పాంజి ముక్క. ఇంకు పరచడానికి పాత ఫొటో ఫ్రేములోని గాజు పలక, దాని అంచులకు తప్పనిసరిగా టేపు అంటించండి. పాత వార్తాపత్రికలు. గడువు తీరిన ప్లాస్టిక్ కార్డు ఒకటి, మడతలను గట్టిగా రుద్దడానికి.

కాగితానికి నార వాలు ఉంటుంది, అంటే లోపలి నారలు ఎక్కువగా ఒకే దిక్కున పరుచుకుని ఉంటాయి. కాగితాన్ని మడవకుండా ఒకసారి పొడవువైపు, ఒకసారి వెడల్పువైపు మెల్లగా వంచి, అరచేతితో ఒత్తి చూడండి. ఏ వైపు తక్కువ ఎదురు తిరుగుతుందో ఆ వంపుకు సమాంతరంగా నార ఉన్నట్టు. ఈ పుస్తకంలో నిలువు మడతలు మూడు, అడ్డ మడత ఒకటే. కాబట్టి నార 297 మి.మీ. అంచుకు సమాంతరంగా ఉండే కాగితం మేలు. అలాంటిది దొరకకపోతే మడవబోయే గీత మీద స్కేలు పెట్టి, రాయని బాల్‌పెన్నుతో ఒకసారి గట్టిగా గీస్తే సరిపోతుంది.

ముందు ఖాళీ పుస్తకం

ఒక కాగితాన్ని పొడవైన అంచు మీవైపు ఉండేలా పెట్టుకోండి. పైఅంచును కిందిఅంచుతో కలిపి మడిచి, విప్పండి. ఎడమ అంచును కుడి అంచుతో కలిపి మడిచి, విప్పండి. ఇప్పుడు ఎడమ, కుడి అంచులను ఒక్కొక్కటిగా నడిమి మడత దాకా తెచ్చి మడిచి, విప్పండి. స్కేలుతో కొలవవద్దు, అంచుకు అంచు కలిపి సగం చేయడమే కొలత కంటే కచ్చితం. ఎనిమిది అరలు వస్తాయి, ఒక్కోటి 105 మి.మీ. వెడల్పు, దాదాపు 148 మి.మీ. ఎత్తు. అంటే ఎ6 పుట.

ఇప్పుడు గాటు. కాగితాన్ని కుడి ఎడమలు కలిసేలా సగానికి మడిచి, మడత వైపు నుంచి అడ్డ మడత వెంట కత్తిరించండి. పక్క నిలువు మడత తగలగానే ఆపేయండి. 105 మి.మీ. కత్తిరిస్తే విప్పాక మధ్యలో 210 మి.మీ. గాటు కనిపిస్తుంది. రెండు చివరి అరల దగ్గర అడ్డ మడత తెగకుండా ఉండాలి.

కాగితాన్ని పొడవునా సగానికి మడిచి, రెండు చివరలూ పట్టుకుని ఒకదానివైపు ఒకటి నెట్టండి. గాటు దగ్గర కాగితం విచ్చుకుంటుంది. పైనుంచి చూస్తే కూడిక గుర్తులా నాలుగు రెక్కలు కనిపిస్తాయి. రెక్కలను ఒకే వైపుకు తిప్పి మూసేయండి. జిగురు లేదు, దారం లేదు, ఎనిమిది పుటల పుస్తకం తయారు.

దీని పుటలకు పెన్సిల్‌తో 1 నుంచి 8 దాకా అంకెలు వేసి మళ్లీ విప్పండి. ముఖపత్రం కింది వరుసలో రెండో అరలో ఉండేలా పట్టుకుంటే, కింది వరుసలో ఎడమ నుంచి 8, 1, 2, 3 కనిపిస్తాయి. పై వరుసలో ఎడమ నుంచి 7, 6, 5, 4, అవన్నీ తలకిందులుగా. ఈ కాగితాన్ని పారేయకండి. అచ్చువేస్తున్నంతసేపూ గోడకు అంటించి ఉంచండి.

ఏ పుట ఏ పుటకు అతుక్కుంది?

ఇక్కడ కాస్త నిదానంగా చూడాలి, ఈ పుస్తకం రహస్యమంతా ఇందులోనే ఉంది. 1, 2, 3 పుటలు కాగితం మీద పక్కపక్కనే ఉన్నాయి. 3వ పుట తల, 4వ పుట తల ఒకే మడతకు ఇటూ అటూ ఉన్నాయి. 4, 5, 6, 7 మళ్లీ పక్కపక్కన. 7 తల, 8 తల ఒకచోట. 8 పక్కన 1. అంటే ఎనిమిది పుటలూ ఒక చుట్టు. ఎక్కడ మొదలుపెట్టి చూసినా తెగకుండా తిరిగి అక్కడికే వస్తుంది.

దీని వల్ల మీకు మూడు రకాల దాటింపులు దొరుకుతాయి. మొదటిది, వీపు దగ్గర, అంటే పుస్తకం నడుమ పుటలు కలిసే మడత దగ్గర, దాటింపు. 2 నుంచి 3, 4 నుంచి 5, 6 నుంచి 7. ఇవి తెరిచిన పుస్తకంలో ఎదురెదురుగా ఉండే పుటలు కాబట్టి ఒకే పెద్ద ముద్రను రెంటి మీదా పరచవచ్చు, పాఠకుడికి మొత్తం ఒకేసారి కనిపిస్తుంది.

రెండోది, చేతి అంచు దగ్గర దాటింపు. 1 నుంచి 2, 5 నుంచి 6. ఇక్కడ మడత సరిగ్గా బొటనవేలు పట్టుకునే చోట ఉంటుంది. ఆ మడత మీద ఒక చుక్కను అచ్చువేస్తే సగం చుక్క 1వ పుట కుడి అంచున ఆగిపోతుంది. పుట తిప్పితే మిగతా సగం 2వ పుట ఎడమ అంచున వచ్చి ఉంటుంది. చుక్క ఆకును చుట్టి వెనక్కి వెళ్లిందన్నమాట. మామూలు పుస్తకంలో ఇది చేయాలంటే రెండు ముద్రలను కచ్చితంగా కలపాలి, ఇక్కడ ఒకే దెబ్బకు అయిపోతుంది.

మూడోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది: తల దగ్గర దాటింపు, 3 నుంచి 4, 7 నుంచి 8. 3వ పుటలో పైకి ఎగబాకిన ఆకారం తల అంచున మాయమై, పుట తిప్పగానే 4వ పుట తల నుంచి కిందికి వేలాడుతుంది. మీరు కాగితం మీద ఒకే నిలువు గీత వేస్తారు. పాఠకుడికి మాత్రం అది ఎక్కడం, దిగడం అనే రెండు పనులుగా కనిపిస్తుంది.

1కీ 6కీ, 2కీ 5కీ మధ్య ఉన్నది గాటు. అక్కడ ముద్ర వేస్తే అది రెండుగా తెగి, వరుసకు సంబంధం లేని రెండు పుటల తలల మీద పడుతుంది. కావాలని చేస్తే అదీ బాగానే ఉంటుంది, పొరపాటున పడితే మాత్రం మరకలా కనిపిస్తుంది.

కథ లేని కథను ఎలా కట్టాలి?

రెండు రంగులు, మూడు ఆకారాలు. తొలి పుస్తకానికి ఇంతకు మించి వద్దు. ఆకారాలు ఎక్కువైతే పాఠకుడు వాటిని గుర్తుపెట్టుకోలేడు, గుర్తు లేనిదాంట్లో మార్పు కనపడదు. ఒక గడి నుంచి ఇంకో గడికి వెళ్లేటప్పుడు ఒక్క విషయాన్నే మార్చండి: చోటు, లేదా పరిమాణం, లేదా సంఖ్య, లేదా వాలు, లేదా రంగు గాఢత. రెండు మూడు కలిపి మార్చే హక్కును పుస్తకంలో ఒకేఒక్క చోటికి దాచుకోండి, అది మీ పుస్తకంలో పెద్ద సంఘటన అవుతుంది.

వేగం గడుల సంఖ్య చేతిలో ఉంటుంది. ఒక పుటలో ఆరు చిన్న గడులుంటే కన్ను గబగబా దిగిపోతుంది. పుటంతా ఒకే గడి ఉంటే నిలిచిపోతుంది. గడుల మధ్య ఖాళీ 3 మి.మీ. ఉంటే మామూలు నడక. దాన్ని 12 మి.మీ. చేస్తే అక్కడ ఏదో కాలం గడిచినట్టు అనిపిస్తుంది. గడి గోడ కూడా పాత్రే. ఆకారం గోడకు తగిలి ఆగవచ్చు, గోడను దాటి ఖాళీలోకి రావచ్చు, గోడే వంగిపోవచ్చు.

ఒక నమూనా ఇస్తున్నాను. దీన్ని అలాగే చేసి చూశాక మీ సొంతది కట్టుకోండి. ఆకారాలు: వేలిముద్రంత ఎర్ర చుక్క, నల్లని సన్న గీత, 3 సెం.మీ. ఉన్న నల్లని ముద్ద.

1వ పుట: గడి లేదు. ఎర్ర చుక్క ఒక్కటే, కుడి మడత మీద సగం. 2వ పుట: ఒకదాని కింద ఒకటి మూడు గడులు. పై గడిలో ఎడమ అంచు నుంచి సగం చుక్క లోపలికి వచ్చి ఉంది, రెండో గడిలో అది మధ్యన ఉంది, మూడో గడిలో కుడి వైపు నల్లగీతలు నాలుగు అడ్డంగా నిలిచాయి. 3వ పుట: ఒకటే నిలువు గడి. కింద నుంచి పైకి గీతలు మెట్ల మాదిరి, వాటి మధ్య చుక్కలు ఒకదానిపై ఒకటి, చివరి చుక్క తల మడత మీద. ఇక్కడ గడులు పెడితే దెబ్బతింటుంది, ఎందుకంటే మనం గడులను పై నుంచి కిందికి చదువుతాం, చుక్కేమో పైకి వెళ్లాలి.

4, 5 పుటలు: గడులు లేవు. 4వ పుట తల నుంచి సగం చుక్క జారుతోంది. రెండు పుటల మీదా, వీపు మీదుగా, ముద్దను పదే పదే ఒకదానిపై ఒకటి ముద్రించి పెద్ద నల్లని గుట్ట. 6వ పుట: ఆరు గడులు. మొదటి గడిలో ముద్ద, తరువాతి గడుల్లో అదే ముద్ద ముక్కలుగా, ఆఖరి గడిలో ఒక చిన్న ముక్క. 7వ పుట: మూడు గడులు, వెడల్పైన ఖాళీలు, ప్రతి దాంట్లో ఒక్కో గీత, అంతకంతకూ వెలిసిపోతూ. 8వ పుట, అంటే వెనక అట్ట: ఖాళీ గడి. తల అంచున ఎరుపు ఛాయ కాస్త.

దీని అర్థం ఏమిటని మిమ్మల్ని తప్పకుండా అడుగుతారు. చుక్క అంటే మనిషి, గుట్ట అంటే సమాజం అని చెప్పాలనిపిస్తుంది. చెప్పవద్దు. అలా చెప్పిన మరుక్షణం పాఠకుడు చూడటం మానేసి, మీరిచ్చిన జవాబును పుటల్లో సరిచూసుకోవడం మొదలుపెడతాడు. పేరు కూడా అంతే, ‘ఒంటరితనం’ లాంటి పేరు పెడితే పుస్తకం అక్కడే ముగిసింది. ‘ఎర్ర చుక్క, నల్ల గీత’ అని ఉన్నది ఉన్నట్టు పెట్టండి, లేదా పేరే వద్దు.

అచ్చులు చెక్కడం

పెన్సిల్ రబ్బరు అంత మంచి అచ్చు ఇంకొకటి లేదు. మెత్తగా తెగుతుంది, ఇంకు బాగా పడుతుంది, ధర పది ఇరవై రూపాయలకు మించదు. ఆకారాన్ని దాని మీద గీసుకుని, అంచు వెంట 3, 4 మి.మీ. లోతు కోసి, బయటి భాగాన్ని పక్కనుంచి చీల్చి తీసేయండి. బ్లేడు మొన అచ్చు నుంచి బయటికి వాలేలా పట్టుకోవాలి. అలా కోస్తే అచ్చు అడుగున వెడల్పుగా, పైన సన్నగా ఉండి నొక్కినప్పుడు ఒరగదు. నిట్టనిలువుగా కోస్తే సన్న భాగాలు ఊగి ముద్ర చెరిగిపోతుంది. రెండో చేతి వేళ్లు ఎప్పుడూ బ్లేడు దారికి వెనకే ఉండాలి.

గీతలకు చెక్కడం అక్కర్లేదు. అట్టముక్క అంచును ఇంకులో తాకించి కాగితం మీద ఆనిస్తే గీత. ముద్దకు ఫోమ్ షీటును చించి (కత్తిరించకండి, చించిన అంచే బాగుంటుంది) అట్టకు అంటించండి. ఎర్ర చుక్కకు పెన్సిల్ చివర రబ్బరు కూడా పనికొస్తుంది, కాకపోతే చిన్నది.

అచ్చు ఎప్పుడూ తిరగబడి పడుతుందని మరచిపోవద్దు. చుక్కకూ చతురస్రానికీ తేడా తెలియదు. కానీ కుడివైపు పైకి లేచే వాలు గీత చెక్కితే కాగితం మీద అది ఎడమవైపు లేస్తుంది. నైరూప్య కామిక్‌లో దిక్కే కథ కాబట్టి ఇది చిన్న విషయం కాదు. చెక్కబోయే ముందు ఆకారాన్ని బటర్ పేపర్ మీద గీసి, దాన్ని తిరగేసి రబ్బరు మీద రుద్దండి.

ఇంకు, పరుపు, ముద్ర

బ్లాక్ ప్రింటింగ్ కోసమే అమ్మే నీటి ఇంకు దొరికితే అదే వాడండి. లేకపోతే అక్రిలిక్ రంగు. అది గాజు మీద నిమిషాల్లో ఆరిపోతుంది. మందుల షాపులో దొరికే గ్లిజరిన్ రెండు మూడు చుక్కలు కలిపితే కాసేపు నిలుస్తుంది, ఎక్కువైతే ఎప్పటికీ ఆరదు. అక్రిలిక్‌తో ఇంకో చిక్కు ఉంది. అది పూర్తిగా ఆరాక కూడా గాలిలో తేమ ఉంటే ఎదురెదురు పుటలు అతుక్కుంటాయి. విశాఖలోనో కాకినాడలోనో వానాకాలంలో పుస్తకాన్ని బరువు కింద పెట్టి మరుసటి రోజు తెరిస్తే 4వ పుటలోని గుట్ట 5వ పుటకు సగం బదిలీ అయి ఉంటుంది. పల్చటి పొరగా వేయడం, పుటల మధ్య బటర్ పేపర్ పెట్టడం తప్ప దీనికి మందు లేదు. నూనె ఇంకు అందంగా పడుతుంది కానీ ఆరడానికి రోజులు పడుతుంది, తుడవడానికి కిరోసినో టర్పెంటైనో కావాలి. తొలిసారికి దాని జోలికి వెళ్లవద్దు. ఆఫీసు స్టాంపు ప్యాడ్ ఇంకు సన్న గీతలకు బాగుంటుంది, పెద్ద ముద్దలకు చాలదు.

గాజు మీద చెంచాడు ఇంకు వేసి రోలర్‌తో నిలువుగా, అడ్డంగా పరవండి. ఇంకు పైపొర నున్నగా మారి, రోలర్ కదులుతుంటే సన్నని చిటపట చప్పుడు వస్తుంది. అప్పుడు సరైన పొర ఉన్నట్టు. బత్తాయి తొక్కలా గుంటలు కనిపిస్తే ఇంకు ఎక్కువైంది. రోలర్‌ను అచ్చు మీద రెండు మూడు సార్లు తేలిగ్గా దొర్లించండి. అచ్చును నేరుగా గాజు మీద అద్దితే అంచుల దగ్గర ఇంకు పేరుకుని, ముద్ర చుట్టూ ముదురు గీత వస్తుంది.

బల్ల మీద కాగితాన్ని నేరుగా పెట్టవద్దు. పెడన అద్దకం బల్లలకు గుడ్డలు పొరలు పొరలుగా పరిచి మెత్తన చేసుకుంటారు. గట్టి బల్ల మీద అచ్చు మొత్తం ఒకేలా ఆనదు. మనకు పది పన్నెండు వార్తాపత్రికలు ఒకదానిపై ఒకటి పరిస్తే చాలు. పైన ఒక తెల్లకాగితం వేసుకుంటే పత్రిక సిరా అంటదు.

గడుల అంచులు నిక్కచ్చిగా రావడానికి ఒక కిటుకు. పుటంత అట్టలో గడుల ఆకారంలో కిటికీలు కోసుకోండి. అట్టను పుట మీద పెట్టి అచ్చు వేస్తే, కిటికీ బయట పడిన ఇంకు అట్ట మీదే ఉండిపోతుంది. ఆకారం గడి గోడ దగ్గర తెగినట్టు వస్తుంది. గడికి గీత గీయకుండానే గడి ఏర్పడుతుంది. మూడు గడుల కిటికీ ఒకటి, ఆరు గడులది ఒకటి, ఒకే గడిది ఒకటి చాలు. అట్ట మందం వల్ల అంచుల దగ్గర తెల్లటి వార మిగిలితే చార్టు కాగితంతో కోసుకోండి. ప్రతి ముద్రకూ అట్ట వెనక వైపు తుడవాలి, లేకపోతే అక్కడి ఇంకు తెల్లటి చోట్ల అంటుకుంటుంది.

ఇక వరుస. కాగితాలకు ముందే మడతలు పెట్టి విప్పి, చదును చేసుకోండి. గాటు మాత్రం ఇప్పుడే వద్దు. తెగిన కాగితం నొక్కేటప్పుడు జరుగుతుంది. ముందు కింది వరుస: 8, 1, 2, 3. అన్ని కాగితాలకూ ఎరుపు వేయడం పూర్తి చేసి, తరువాతే నలుపు. ఈ వరుస ఆరాక కాగితాన్ని సగం చుట్టు తిప్పండి. ఇప్పుడు మీ ముందున్న కింది వరుసలో ఎడమ నుంచి 4, 5, 6, 7 తిన్నగా ఉంటాయి. తలకిందులుగా ఆలోచించాల్సిన పనే ఉండదు. అట్లా కాకుండా రెండు వరుసలూ ఒకే వైపు నుంచి వేస్తే ఎంత జాగ్రత్తపరుడికైనా ఒక పుట తిరగబడుతుంది.

మడత మీద వేసే ముద్రలకు కాగితం పూర్తిగా చదునుగా ఉండాలి, ఇంకు మామూలు కంటే పల్చగా ఉండాలి. మందంగా పడిన ఇంకు మడిచినప్పుడు పొరలు పొరలుగా రాలుతుంది. తల మడత మీద చుక్క వేసేటప్పుడు చుక్క నడిమి గీత మడతతో కలవాలి. అచ్చు వెనక వైపున నడిమి గీత గీసి పెట్టుకుంటే గురి తప్పదు.

నొక్కడం బలం మీద కాదు, సమంగా నొక్కడం మీద ఆధారపడుతుంది. అచ్చును దించి, అరచేతితో ఒత్తి, మూడు లెక్కపెట్టి, నిట్టనిలువుగా ఎత్తండి. పెద్ద ముద్దకైతే గరిటె వీపుతో అచ్చు వెనక రుద్దండి.

7వ పుటలో వెలిసిపోయే గీతలకు వేర్వేరు రంగులు కలపనక్కర్లేదు. ఒకసారి ఇంకు పూసి, మళ్లీ పూయకుండా వరుసగా మూడు గడుల్లో మూడు సార్లు వేయండి. మొదటిది గాఢంగా, రెండోది బూడిదగా, మూడోది ఉందో లేదో అన్నట్టు వస్తుంది. ఇంకు అయిపోవడమే అక్కడ కాలం గడవడం. కంప్యూటర్‌లో గీసి ప్రింటు తీస్తే దీన్ని అనుకరించవచ్చు, కానీ అది ఏ ప్రతిలోనైనా ఒకేలా ఉంటుంది. చేత్తో వేసినప్పుడు ఒక ప్రతిలో గీత నాలుగో ముద్ర దాకా బతుకుతుంది, ఇంకో ప్రతిలో రెండోదానికే పోతుంది. ఆ తేడాలను దిద్దవద్దు. వేలిముద్ర మరకలను మాత్రం దిద్దాలి, అంటే ఆ కాగితాన్ని పక్కన పెట్టి ప్రయోగాలకు వాడుకోవాలి.

ఆరాక

ఒక రాత్రంతా దండెం మీద క్లిప్పులతో ఆరనివ్వండి, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా. తరువాత స్కేలు పెట్టి కట్టర్‌తో గాటు కోయండి. కత్తెర కంటే కట్టర్ శుభ్రం, ఎందుకంటే ఈసారి కాగితాన్ని ముద్రల మీదుగా సగానికి మడవాల్సిన పని ఉండదు. గాటు రెండు చివర్లలో సూదితో చిన్న రంధ్రం చేస్తే చిరుగు ముందుకు పాకదు. మడతలన్నీ ప్లాస్టిక్ కార్డుతో రుద్ది పదును చేసి, పుస్తకం మూసి, బటర్ పేపర్లు పెట్టి, రెండు లావు నిఘంటువుల కింద ఉంచండి.

మొదటి ప్రతిని ఎవరికైనా ఇచ్చి, ఏమీ చెప్పకుండా వాళ్ల బొటనవేలిని గమనించండి. ఏ పుట దగ్గర ఆగింది, ఏ పుటను రెండుసార్లు తిప్పింది, ఏది చూడకుండా దాటేసింది. నోటితో చెప్పే అభిప్రాయం మర్యాదకు చెప్పేది, వేలికి మర్యాద తెలియదు. 3 నుంచి 4కు వెళ్లి మళ్లీ వెనక్కి తిప్పి చూశారంటే తల మడత పని చేసింది. 6వ పుటను దాటేశారంటే గడులు ఎక్కువయ్యాయి, నాలుగు చేయండి.

ప్రతుల సంఖ్య రాసే ఆచారం ఉంది: మొత్తం ఇరవై చేస్తే మూడోదాని మీద 3/20 అని, పక్కన సంతకం, రెండూ పెన్సిల్‌తోనే. వెనక అట్ట మీద అడుగున చోటు ఉంటుంది. ఇంతకీ కాగితం వెనక వైపు మొత్తం ఖాళీగా మిగిలి ఉంది కదా. పుస్తకాన్ని పూర్తిగా విప్పితే తప్ప కనిపించని ఎ3 బొమ్మ ఒకటి అక్కడ వేయవచ్చు. అలా చేయదలిస్తే 130 జి.ఎస్.ఎం.కు తగ్గవద్దు, నలుపు వెనక్కి కనిపిస్తుంది.

ఇంకొంచెం పొడుగు కావాలంటే

ఎనిమిది పుటలు చాలనప్పుడు జిగ్‌జాగ్ మడత. స్విట్జర్లాండ్ కళాకారిణి వార్యా లావాటర్ 1960లలో పాత కథలను ఇలాంటి పొడవైన మడత పుస్తకాల్లో చెప్పింది. ఎర్ర టోపీ పిల్ల కథలో పిల్ల ఒక ఎర్ర చుక్క, తోడేలు ఒక నల్ల చుక్క. ఏ గుర్తు ఎవరిదో మొదట్లో చెప్పేసి, తరువాత మాట లేకుండా నడిపిస్తుంది. ఆమెది పూర్తిగా నైరూప్యం కాదు, తెలిసిన కథ వెనక ఉంది. కానీ చుక్కల గుంపులతో కథ నడపడం ఎలాగో అక్కడ నేర్చుకోవచ్చు.

చేయడం తేలిక. ఎ3 కాగితాన్ని పొడవునా రెండు పట్టీలుగా కోయండి. ఒక్కో పట్టీని సగానికి మడిచి, తరువాత రెండు చివరలనూ నడిమి మడతకు తెచ్చి, మడతలు ఒకటి లోపలికి, ఒకటి బయటికి వచ్చేలా సరిచేయండి. రెండు పట్టీలను కలపడానికి వెనక నుంచి 20 మి.మీ. వెడల్పు పల్చటి కాగితపు పట్టీ అంటిస్తే, అతుకు కూడా మామూలు మడతలానే మడతపడుతుంది. ఈ రూపంలో పాఠకుడు కావాలంటే రెండేసి పుటలు చూస్తాడు, లేదా మొత్తం బల్ల మీద పరిచి ఒకేసారి చూస్తాడు. కాబట్టి పుట తిప్పితే వచ్చే ఆశ్చర్యం ఇక్కడ కుదరదు, తల దాటింపూ లేదు. దూరం నుంచి చూస్తే ఒకే గీత అన్ని పుటల మీదుగా పారాలి, దగ్గరికొస్తే ప్రతి పుటలో గడులు విడిగా నిలవాలి. ముగ్గుల పుస్తకం చేతిలో ఉంటే మంచి అభ్యాసం ఒకటి: మొదటి పుటలో ఉత్త చుక్కలు, తరువాతి పుటల్లో ఒక్కో గీత చేరుస్తూ వెళ్లి, ముగ్గు పూర్తి కాబోయే పుటలో చుక్కలను తీసేయండి.

రెండు చివరలకూ 2 మి.మీ. అట్టలు, పుట కంటే ప్రతి వైపూ 3 మి.మీ. పెద్దవి, ఖాదీ గుడ్డతో తొడిగి అంటించండి. ఫెవికాల్ తొందరగా పట్టేస్తుంది, సర్దుకోవడానికి సమయం ఇవ్వదు. మైదా జిగురు నయం. ఒక వంతు మైదాను ఐదు వంతుల నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నటి మంట మీద కలుపుతూ ఉడికించండి. అది అద్దంలా మెరిసేసరికి దించి చల్లార్చండి. పురుగు పట్టకుండా బైండింగ్ పనివాళ్లు ఇందులో మైలుతుత్తం కలుపుతారు, అది విషం. పిల్లలున్న ఇంట్లో అది లేకుండా ఏ రోజుకారోజు తాజాగా చేసుకోండి. అంటించాక అట్టల లోపల బటర్ పేపర్ పెట్టి, బరువు కింద కనీసం ఒక రోజంతా కదపకుండా ఉంచండి. తడిగా ఉండగానే తెరిస్తే అట్టలు వంకర తిరుగుతాయి, తరువాత ఎంత బరువు పెట్టినా పూర్తిగా సరికావు.